పొగగొట్టం లేని ఇల్లు

ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే, మంటలో ఉంటానని చెబుతాను. అగ్నిమాపక దళం కాబోలనుకుని ఓ క్షణం గౌరవంగా చూస్తారు. నిజం తెలిశాక ఆ గౌరవం కాస్తా టీ చల్లారినట్టు చల్లారిపోతుంది. నేను చేసేది రాకెట్ కింద నుంచి ఎగదన్నే మంటని కంప్యూటర్లో తయారుచేయడం. మంటనీ దాని చుట్టూ ఉన్న గాలినీ లక్షల చిన్న గళ్ళుగా కోసి సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తే, ఒక్కో గడిలో ఎంత వేడి ఉందో, గాలి ఎటు పారుతోందో అది లెక్కకడుతుంది. అసలు మంట కనురెప్పపాటు కన్నా తక్కువలో చేసేసే పనిని మా యంత్రాలు వారం రోజులు కూర్చుని లెక్కకడతాయి. అంటే ఆ రెప్పపాటులో నేను వారం రోజులు కాపురం ఉంటానన్నమాట. అలాంటి మనిషికి రోజూ బస్సు తప్పిపోతోందంటే తప్పు నాదా, బస్సుదా?

అక్కడ బాగుంటుంది. రాకెట్ అడుగున గంటలా ఉండే నాజిల్ నోట్లోంచి బయటపడ్డ మంట కాస్త ఉబ్బుతుంది, సన్నబడుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. సన్నబడిన ప్రతిచోటా ఒక వెలుగు ముద్ద ఉంటుంది. మావాళ్ళు వాటిని వజ్రాలంటారు. నేను గదులంటాను. మొదటి గది తెల్లగా ఉంటుంది, చివరి గదికి వెళ్ళేసరికి గోడలు పలచబడి బయటి గాలి లోపలికి వస్తూ ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా ఆ గదుల్లో తిరుగుతున్నాను. మా ఇంట్లో స్విచ్చులు ఎక్కడున్నాయో తడుముకుంటాను గానీ, ఆ ఇంట్లో కళ్ళు మూసుకుని నడుస్తాను.

మా రాకెట్‌కి నాలుగు నాజిళ్ళు. నాలుగూ ఒకేలా ఉంటాయి కాబట్టి నేను పావు భాగమే లెక్కకట్టించి, మిగతా మూడు పావులూ అద్దంలో ప్రతిబింబంలా అతికించేదాన్ని. ఇది దొంగపని కాదు. యంత్రం సమయం నాలుగో వంతుకి తగ్గుతుంది, బొమ్మ కూడా రంగవల్లిలా ముచ్చటగా వస్తుంది. అద్దం మీద నాకు మొదటి నుంచీ నమ్మకం. దానికి కారణం మా అక్క.

అక్క నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. ఎడమచేతి వాటం. నాకు బూట్ల లేసులు కట్టుకోవడం నేర్పింది తనే. ఇంట్లో ఎంతమంది నేర్పినా రాని ముడి, అక్క నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని కట్టి చూపిస్తే ఒక్కసారికే వచ్చేసింది. తన ఎడమచెయ్యి నా కుడిచేతికి అద్దంలో బొమ్మలా సరిపోయింది మరి. ఇప్పుడు అక్క కూడా మా సంస్థలోనే పనిచేస్తుంది, కేబుళ్ళ విభాగంలో. రాకెట్ అడుగున పారే కేబుళ్ళని కట్టలు కట్టి, మంటకి తట్టుకునే గుడ్డ చుట్టి, దారంతో బిగిస్తుంది. ఇద్దరం నాలుగో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉంటాం. తను నన్ను చిట్టీ అంటుంది, కోపం వస్తే మేడమ్ గారూ అంటుంది.

కేబుళ్ళ విభాగంలో ఒక పద్ధతి ఉంది. కట్ట కట్టడం పూర్తయ్యాక, కట్టినవాళ్ళు తమ అంకె ఉన్న చిన్న రేకు బిళ్ళని దానికి తగిలిస్తారు. అక్క అంకె పదిహేడు. ఎవరి కట్టయినా వదులై ప్రమాదం జరిగితే, అందరి ముందూ ఆ బిళ్ళని కత్తెరతో రెండుగా కత్తిరిస్తారు. ఇక ఆ మనిషి రాకెట్ మీద చెయ్యి వేయకూడదు. ఇరవై రెండేళ్ళలో ఆ కత్తెర తీసింది రెండేసార్లని అక్క చెప్పేది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది.

అప్పట్లో ఒకరోజు రాకెట్‌ని నేలకి బిగించి మండించి చూసే పరీక్ష జరిగింది. తొమ్మిదో సెకనులో సంకేతాలు ఆగిపోయాయి, ఇంజన్లు ఆపేశారు. చూస్తే అడుగున ఒక కేబుళ్ళ కట్ట కాలిపోయి ఉంది. దానికి వేలాడుతున్న బిళ్ళ మీద పదిహేడు.

విచారణకి మా పెద్దాయన కూర్చున్నారు. ఆయన్ని వెనకాల అందరం దశాంశం గారంటాం. టీలో చక్కెర ఎంత వేయమంటారని అడిగితే కూడా చుక్క తర్వాత రెండు అంకెలు చెప్పే మనిషి. చెడ్డవాడు కాదు, అంకె లేని మాట ఆయన చెవికి ఎక్కదంతే. ఆయన తెర మీద పెట్టింది నా బొమ్మ. ఆ చోట వేడి తొంభై డిగ్రీలు దాటదని నా బొమ్మ చెబుతోంది. అక్క చుట్టే గుడ్డ ఆరువందలకి తట్టుకుంటుంది. కాబట్టి గుడ్డ సరిగ్గా చుట్టలేదు, దారం వదులైంది. అయిపోయింది లెక్క. శుక్రవారం పది గంటలకి చివరి సమావేశం అన్నారు. కత్తెర అనే మాట ఎవరూ అనలేదు గానీ అందరికీ వినిపించింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క వంటగది బల్ల మీద బెత్తెడు కేబుల్ ముక్క పెట్టుకుని కూర్చుని ఉంది. విచారణవాళ్ళు పెద్ద ముక్క తీసుకుని, ఆ తుంపు తనకి పడేశారట.

“చూడవే చిట్టీ. చుట్టు వదులైతే వేడి లోపలికి దూరి, లోపలి పొరలు ముందు పోతాయ్. ఇది పైనుంచి ఒక్కో పొరా కాలుకుంటూ వచ్చింది. ఈ మసి చూడు, ఒక పక్కే ఎంత మందంగా పట్టిందో.”

“ఆ మాట అక్కడ చెప్పకపోయావా?”

“చెప్పానే. మసికి అంకె ఉందా అన్నాడు మీ దశాంశం.”

నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. అక్క మొహం మాడిపోయింది.

“నీ బొమ్మ ఒక్కసారి మళ్ళీ చూసుకోవే. అంతే అడుగుతున్నా.”

“పదిసార్లు చూశానక్కా. గళ్ళు మార్చి చూశాను, ఇంకా సన్నగా కోసి చూశాను. తొంభై అంటే తొంభయ్యే. నా అక్కవని మంట వేడి పెంచమంటావా?”

ఆ మాట నోరు జారి వచ్చింది కాదు. ఒళ్ళు మండి, కావాలనే అన్నాను. ఎనిమిదేళ్ళ పని మీద ఎవరైనా వేలు పెడితే నాకు మనిషి కనిపించదు, ఆ వేలే కనిపిస్తుంది. అక్క లేచి, ముక్కని కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది.

“వద్దులెండి మేడమ్ గారూ. మీ మంట, మీ ఇష్టం. ఇది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి,” అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు బుధవారం. పొద్దున్నుంచి బొమ్మ ముందు కూర్చున్నాను. అది ఎప్పటిలాగే అందంగా, నాలుగు వైపులా ఒక్కలాగే, ఒక్క వంక లేకుండా ఉంది. పక్కనే కాగితం విప్పి కేబుల్ ముక్క పెట్టుకున్నాను. వేలితో రాస్తే మసి అంటుకుంది. జిడ్డు మసి, కిరోసిన్ దీపం గాజుకి పట్టేలాంటిది. నా మంట ఆ చోటికి రానే రాదు. పోనీ వచ్చినా, అంత వేగంతో పోయే మంట ఇలా తీరిగ్గా మసి పూయదు. మరి ఇది ఎక్కడిది? ఎంత తల బద్దలుకొట్టుకున్నా తేలలేదు.

భోజనం అయ్యాక యంత్రాలుండే గదికి వెళ్ళాను. అది మహా చలి గది. దాన్ని చూసుకునే ముసలాయన ఏడాది పొడవునా కంబళి కప్పుకునే ఉంటాడు. కంబళి బాబాయ్ అంటాం.

“మళ్ళీ కునుకుకేనా?” అన్నాడు.

“పది నిమిషాలు బాబాయ్.”

“నీ పది నిమిషాలు నాకు తెలియనివా! మూడో వరస వెనక్కి పో, అక్కడ వెచ్చగా ఉంది.”

యంత్రాల ముందు ఎంత చలో, వెనక అంత వెచ్చదనం. లెక్కలు కట్టే యంత్రం వదిలే గాలి అది. నా మంటని లెక్కకడుతూ అలిసిన వేడి నా వీపుకే తగులుతుంటే, ఆ హోరు వింటూ గోడకి జారగిలపడ్డాను. హోరు దగ్గరైంది, తర్వాత దూరమైంది.

చెప్పులు నాజిల్ అంచు దగ్గర విడిచి లోపలికి వెళ్ళాను. నేల మెత్తగా ఉంది. మొదటి గది తెల్లగా, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. గాలి నా పక్కనుంచి నెమ్మదిగా, ఒంటరిగా, ఒక్కో పోగూ విడిగా కనిపిస్తూ పోతోంది. చెయ్యి చాపితే వేళ్ళ చుట్టూ తిరిగి మళ్ళీ కలుస్తోంది. రెండో గది దాటి బయటికి వస్తే మధ్యలో ఒక వాకిలి, చుట్టూ నాలుగు ఇళ్ళు. మొదటి ఇంటి గుమ్మంలో నేను నిలబడి కుడిచేత్తో జడ సర్దుకుంటున్నాను. రెండో ఇంటి గుమ్మంలోనూ నేనే, ఎడమచేత్తో సర్దుకుంటున్నాను. మూడో ఇంట్లోనూ నేనే. నలుగురం ఒకేసారి నవ్వుకుందామని నాలుగో గుమ్మం వైపు తిరిగాను.

అక్కడ నేను లేను. అక్క గొంతుక్కూర్చుని దారం బిగిస్తోంది. మొహమంతా నల్లగా ఉంది.

“ఏమే, ఇంత మంట పెట్టుకున్నావ్, ఈ ఇంటికి పొగగొట్టం ఎక్కడే? కళ్ళు మండిపోతున్నాయ్.”

“ఇక్కడ పొగ ఉండదక్కా.”

“ఉండదా? మరి నా మొహానికున్నదేంటే, కాటుకా?”

నేను పొగగొట్టం వెతకడం మొదలుపెట్టాను. గోడ వెంబడి చేత్తో తడుముతూ వెళ్ళాను. గోడ నున్నగా ఉంది, నేనే నున్నగా చేశాను. ఒక చోట మాత్రం చేతికి గరుగ్గా తగిలింది. కొత్తగా పూడ్చిన గుండ్రటి మచ్చ. దాని మీద ఏదో రాసి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే నా చేతిరాతే. ‘తర్వాత చూద్దాం.’

మెలకువ వచ్చేసరికి కంబళి బాబాయ్ వంగి చూస్తున్నాడు.

“పీడకలా?”

“కాదు బాబాయ్, కొంప ముంచాను,” అని పరుగెత్తాను.

మూడేళ్ళ నాటి ఫైలు తెరిచాను. మొదటిసారి ఈ రాకెట్ అడుగుభాగాన్ని గళ్ళుగా కోసిన రోజుది. కింద నాలుగు ముక్కలు రాసుకున్నాను: టర్బైన్ గొట్టం తీసేశాను. పావు వంతు లెక్కలో ఇమడదు. తర్వాత చూద్దాం.

ఆ గొట్టం సంగతి చెప్పాలి. ఇంజన్‌కి ఇంధనం తోసే పంపుని ఒక టర్బైన్ తిప్పుతుంది. ఆ టర్బైన్ వదిలే సగం కాలిన నల్లటి పొగ బయటికి పోవడానికి జానెడు వెడల్పున్న గొట్టం ఒకటుంది. నాలుగు పక్కలా కాదు, ఒక్క పక్కే. దాన్ని నా పావు భాగంలో ఉంచితే అద్దం వల్ల నాలుగు గొట్టాలవుతాయి. అది తప్పు. అందుకని తీసేశాను. తీసేస్తే ఒక్కటీ ఉండదు. అదింకా పెద్ద తప్పు. పూర్తి రాకెట్‌ని లెక్కకట్టేటప్పుడు చేర్చుకుందాంలే అనుకున్నాను. ఆ ‘అప్పుడు’ రానే లేదు. బొమ్మ అందంగా ఉంది, అందరూ మెచ్చుకున్నారు, నేను మర్చిపోయాను. ఆ గొట్టం నోటికి రెండు జానల దూరంలోనే పదిహేడు బిళ్ళ ఉన్న కట్ట ఉంది. సగం కాలిన ఆ పొగ బయటి గాలి తగలగానే మళ్ళీ అంటుకుంటుంది. మసి పూస్తుంది కూడా.

కుర్చీలో కూలబడి ఏడ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది. నా అక్కవని మంట వేడి పెంచమంటావా అన్నానే, ఆ నోటితోనే!

పూర్తి రాకెట్‌ని సన్నటి గళ్ళతో లెక్కకట్టాలంటే నాలుగు వారాలు కావాలి. నా చేతిలో ఉన్నది రెండు రోజులు కూడా కాదు. ముతకగా పెద్ద పెద్ద గళ్ళు కోసి, గొట్టాన్ని దాని చోట పెట్టి, అద్దాలన్నీ తీసేసి, యంత్రానికి ఎక్కించాను. కంబళి బాబాయ్‌ని బతిమాలితే మిగతావాళ్ళ పనులు వెనక్కి జరిపి ఆరు వరసలు నాకు వదిలాడు. “శుక్రవారం మధ్యాహ్నానికి నా తల తీసేస్తారు, చూసుకో,” అని కంబళి సర్దుకున్నాడు.

ఆ రెండు రోజులూ ఇంట్లో అక్క నాతో మాట్లాడలేదు. నేనూ చెప్పలేదు. లెక్క తేలకుండా ఆశ పెట్టడానికి భయమేసింది. నిజం చెప్పాలంటే ఇంకో పాడు ఆలోచన కూడా లోపల తిరుగుతోంది. గొట్టం గురించి కొత్తగా తట్టిందని చెబితే సరిపోతుంది కదా? అక్కా బయటపడుతుంది, నన్నూ శభాష్ అంటారు. ఆ పాత ఫైలు నేను తప్ప తెరిచేవాళ్ళెవరూ లేరు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి బొమ్మ వచ్చింది. ముతక గళ్ళు కదా, అంచులన్నీ మెట్లు మెట్లుగా ఉన్నాయి. నా ఎనిమిదేళ్ళలో అంత అనాకారి మంటని చూడలేదు. మూడు పక్కలా బాగానే ఉంది. నాలుగో పక్క ఒక నాలుక బయటికి సాగి, పైకి మడుచుకుని, సరిగ్గా అక్క కట్టిన కట్టని నాకుతోంది. ఎనిమిదివందల చిల్లర డిగ్రీలు.

సమావేశానికి ఊడిపడేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. అక్క చివరి కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. బల్ల మీద ఒక పళ్ళెం, పళ్ళెంలో బిళ్ళ, పక్కన కత్తెర. నేను తీగ తగిలించి బొమ్మ తెర మీదికి తెచ్చాను. గుక్క తిప్పుకోకుండా గొట్టం సంగతంతా చెప్పాను. దశాంశం గారు కళ్ళద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశారు.

“ఎనిమిదివందల ఎంత?”

“ఇరవై అయిదు పాయింట్ ఆరు. కానీ గళ్ళు ముతకవి సార్. ఆ చుక్క తర్వాతది నమ్మకండి.”

“ఇప్పుడే తట్టిందా మీకు?”

ఆయనే దారి చూపించారు. “సాఫ్ట్‌వేర్ పరిమితి అని రాద్దాం. ఈ లెక్క సన్నటి గళ్ళతో మళ్ళీ చేసేదాకా, కారణం తేలలేదని రాసి, పదిహేడుని పక్కన పెడదాం. కత్తిరించనక్కర్లేదు.”

గదంతా ఊపిరి వదిలింది. బాగానే ఉంది, ఎవరికీ నొప్పి లేదు. అక్క వైపు చూశాను. తను నన్ను చూడటం లేదు, పళ్ళెంలో బిళ్ళని చూస్తోంది. పక్కన పెట్టడమంటే ఏంటో తనకి తెలుసు. తప్పు చేసిందేమో అనే చూపు ఇక జీవితాంతం వెంటపడుతుంది. కత్తెర ఒక్కసారే కోస్తుంది, ఆ చూపు రోజూ కోస్తుంది.

“సాఫ్ట్‌వేర్ది కాదు సార్. దానికి గొట్టం ఇస్తే అది లెక్కకట్టేది. నేనే తీసేశాను. మూడేళ్ళ క్రితం. తర్వాత చూద్దామని రాసుకుని చూడలేదు. ఇదిగో ఫైలు. ఆవిడ కట్టిన కట్టలో తప్పు లేదు. మసి ఒక పక్కే ఉందని ఆవిడ మొదటి రోజే చెప్పింది. నేను వినలేదు.”

దశాంశం గారు ఫైలు చదివి, మళ్ళీ చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఈ బొమ్మ కింద పేరు లేదేం?”

“బొమ్మలకి పేర్లు రాసే అలవాటు లేదు సార్. కేబుళ్ళకే బిళ్ళలు.”

“రాయండి.”

రాశాను. ఆయన పళ్ళెంలోంచి బిళ్ళ తీసి, తనే లేచి నడిచి వెళ్ళి అక్క చేతిలో పెట్టారు. “క్షమించండి,” అన్నారు. అంకె లేని మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఆరు నెలలు నన్ను యంత్రాల జోలికి రానివ్వలేదు. గీసేదేమిటో చేత్తో ముట్టుకుని రమ్మని కేబుళ్ళ విభాగానికి పంపారు. నా మంటలోకి నేను వెళ్ళలేకపోవడం మొదట్లో ఒళ్ళు తెలియని జ్వరంలా ఉండేది. బస్సు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు.

మొదటి రోజు అక్క బల్ల మీద కట్ట పెట్టి, గుడ్డా దారమూ నా వైపు తోసింది. నేను అలవాటుగా కుర్చీ లాక్కుని తన ఎదురుగా కూర్చున్నాను, తన ఎడమచెయ్యి నా కుడిచేతికి సరిపోయేలా. అక్క దారం పట్టుకోబోయి ఆగింది. నన్ను చూసింది. సమావేశం అయ్యాక అదే మొదటిసారి సూటిగా చూడటం.

“ఎదురుగా వద్దే చిట్టీ. ఇటు పక్కకి రా,” అంది.

కుర్చీ ఎత్తుకుని బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి తన పక్కన కూర్చున్నాను. పక్కనుంచి చూస్తే తన చెయ్యి నాకు అన్నీ తిరగేసి కనిపించింది. మొదటి ముడి వదులైంది. రెండోదీ వదులే. అక్క విసుక్కోకుండా రెండూ విప్పి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.